నేరుగా వెళ్ళే దారి, మెట్లెక్కి వెళ్ళే దారి

మే నెలలో ఒక సాయంత్రం, ఎండ కాస్త తగ్గినాక, కలమల్ల నుంచి ఒక తండ్రీ కూతురూ ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చారు. తండ్రి థర్మల్ ప్రాజెక్టులో కాంట్రాక్టు కింద పనిచేస్తాడు. అమ్మాయి పదో తరగతి పాసైంది. ఆమె చేతిలో ఒక రూళ్ళ నోటుబుక్కు. తీసుకుని తెరిచాను. ఊళ్ళో చెన్నకేశవస్వామి గుడి దగ్గరి శాసనంలోని అక్షరాలను పెన్సిలుతో దించుకుంది. ఒక్కోదాని పక్కన ఇప్పటి అక్షరం రాసి, మధ్యలో బాణం గుర్తు పెట్టుకుంది. ఒక పేజీ అడుగున చిన్నగా రాసుకున్న మాట: "అప్పుడు తలకట్టు ఇట్లా లేదు. ఎందుకు?"

రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం అది. తెలుగులో దొరికిన శాసనాల్లో మొదటిదని పిల్లలందరూ బడిలో చదువుతారు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా వస్తుంది, రాసి మరిచిపోతారు. ఈ పిల్ల మాత్రం రాతి దగ్గరికి వెళ్ళి కూర్చుని గీతను చూసింది. గీత ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో చూసింది. ఆ నోటుబుక్కు చూశాక ఈమెకు డిజైన్ చదువు సరిపడుతుందా అన్న అనుమానం నాకు రాలేదు. ఏ దారిన పంపాలన్నదే మాట్లాడుకోవలసింది.

తండ్రి అడిగింది కూడా అదే. "మా బామ్మర్ది అమెరికాలో ఉండాడు సార్, కాలిఫోర్నియాలో. వాని కొడుకూ ఇదే చదువంట. రెండేండ్లు ఇంటిదగ్గరే కమ్యూనిటీ కాలేజీలో చదువుకోని, ఆమీద పెద్ద యూనివర్సిటీకి మారతాడంట. ఖర్చు సగానికి సగం తగ్గుతాదంటాడు. మనకాడ అట్లాంటి దారి లేదా?"

ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఏ ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులైనా ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టి, మధ్యలో పెద్ద చదువులోకి మారడమా? లేకపోతే మొదటి రోజే పెద్ద కాలేజీలో సీటు కోసం ప్రయత్నించడమా? ఈ అధ్యాయమంతా దాని గురించే.

బామ్మర్ది చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే కూపర్టినోలో డి ఆంజా కాలేజీ, ఫ్రీమాంట్‌లో ఓలోన్ కాలేజీ అలాంటివే. ఎంట్రన్స్ పరీక్ష ఉండదు. ఆ రాష్ట్రంలో నివాసమున్న పిల్లలకు సెమిస్టర్ పద్ధతిలో యూనిట్‌కు 46 డాలర్ల ఫీజు. 60 యూనిట్లు పూర్తయితే యూనివర్సిటీలో మూడో ఏడాదికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఏ కాలేజీలో చదివిన ఏ సబ్జెక్టును ఏ యూనివర్సిటీ తనదిగా ఒప్పుకుంటుందో చూపించడానికి అసిస్ట్ అనే ప్రభుత్వ పట్టిక ఉంది. మొదటి రోజే దాన్ని తెరిచి రెండేండ్ల చదువును చివరి నుంచి వెనక్కి లెక్క వేసుకోవచ్చు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో ఆరు, చెప్పిన షరతులు నెరవేరిస్తే సీటు ఖాయమని ముందే మాట ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో ఆ మాట ఇవ్వవు.

ఇంత పకడ్బందీగా ఉన్న చోట కూడా డిజైన్ దగ్గరికొస్తే ఒక చిక్కుంది. లెక్కలు, చరిత్ర లాంటి సబ్జెక్టులు ఇక్కడ చదివినా అక్కడ చదివినా ఒకటే. డిజైన్ చదువు స్టూడియోల మీద, అంటే చేత్తో పనిచేసి నేర్చుకునే తరగతుల మీద నడుస్తుంది. మొదటి స్టూడియో చేస్తేనే రెండోది, రెండోది చేస్తేనే మూడోది. యూనిట్లు 60 ఉన్నా, ఆ స్టూడియోల వరుస కుదరకపోతే మూడో ఏడాదిలో చేరినవాడు రెండో ఏడాది పిల్లల పక్కన కూర్చోవాల్సి వస్తుంది. రెండూ రెండూ నాలుగు కావలసింది రెండూ మూడూ ఐదవుతుంది. దానికితోడు చాలాచోట్ల మార్కుల జాబితా ఒక్కటే చాలదు, చేసిన పనుల ఫైలు, అంటే పోర్ట్‌ఫోలియో చూసి ఏ ఏడాదిలో కూర్చోబెట్టాలో నిర్ణయిస్తారు.

ఇంకొక సంగతి కూడా ఆ తండ్రికి చెప్పాను. ఆ 46 డాలర్ల లెక్క అక్కడి పిల్లలది. కలమల్ల నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్ళే పిల్లకు బయటివాళ్ళ ఫీజు పడుతుంది, అది దానికి ఎన్నో రెట్లు. మేనమామ ఇంట్లో అన్నం దొరుకుతుంది సరే, ఫీజు తగ్గదు. అక్కడ చవకగా కనపడే దారి మనకు చవక కాదు.

ఇక మన దగ్గరి లెక్క. దీన్ని కాగితం మీద వేసి చూడాలి. నేను ఆ సాయంత్రం అమ్మాయి నోటుబుక్కు వెనక పేజీలోనే వేశాను.

పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేండ్లు, ఆపైన డిజైన్ డిగ్రీ నాలుగేండ్లు. మొత్తం ఆరు. ఇది నేరుగా వెళ్ళే దారి. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి మూడేండ్ల డిప్లొమా, ఆపైన లేటరల్ ఎంట్రీతో డిగ్రీ రెండో ఏడాదిలో చేరితే మూడేండ్లు. ఇదీ ఆరే. కానీ లేటరల్ సీటు దొరక్క డిగ్రీలో మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాల్సి వస్తే మూడూ నాలుగూ ఏడు. మెట్లెక్కి వెళ్ళే దారిలో ఉన్న తేడా అంతా ఆ ఒక్క ఏడాదిలోనే ఉంది. ఆ ఏడాది పోతుందా, మిగులుతుందా అన్నది డిప్లొమాలో చేరకముందే తేల్చుకోవాలి. చేరాక తేల్చుకోవడానికి మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

ఎందుకంటే మన రాష్ట్రంలో మెట్లదారి ఇంజనీరింగ్ వైపు కట్టింది. ప్రొద్దుటూరు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సివిలో మెకానికలో డిప్లొమా చేసిన పిల్లవాడు ఈసెట్ రాసి, ర్యాంకు వస్తే పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో బీటెక్ రెండో ఏడాదిలో కూర్చుంటాడు. ఏటా వేలమంది నడిచే దారి అది, నున్నగా ఉంటుంది. డిజైన్ వైపు అంత నున్నటి దారి లేదు. ఈసెట్ ర్యాంకుతో బీడిజైన్ సీటు రాదు. ఈ ఒక్క ముక్క తెలియక, "ముందు డిప్లొమాలో చేరుదాం, తర్వాత డిజైన్‌కు మారొచ్చు" అనుకుని చేరిన పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ళలో నేనూ ఉన్నాను.

నా సంగతి చెప్తాను. నేను సివిల్ డిప్లొమా చదివాను. బొమ్మలంటే ప్రాణం. డిప్లొమా చివరి ఏడాదిలో ఒక ప్రైవేటు డిజైన్ కాలేజీకి వెళ్ళి అడిగితే, డ్రాయింగు సబ్జెక్టులన్నీ కలుపుకుని నేరుగా రెండో ఏడాదిలోకి తీసుకుంటామన్నారు. నోటిమాట. నేను నమ్మాను. ఆ ఏడాది ఫీజుకు మా అమ్మ తన గాజులు మెయిన్ బజారులో కుదువ పెట్టింది. చేరిన మూడు నెలలకు నోటీసు బోర్డు మీద నా పేరు మొదటి ఏడాది జాబితాలో కనపడింది. ఆఫీసులో అడిగితే, డిప్లొమాలో చేసింది ఇంజనీరింగ్ డ్రాయింగు, ఇక్కడ కావలసింది ఫౌండేషన్ స్టూడియో అన్నారు. వాళ్ళు చెప్పిన కారణం తప్పని ఇప్పటికీ అనలేను. ఇంజనీరింగ్ డ్రాయింగు కొలతను నేర్పుతుంది. ఫౌండేషన్ స్టూడియో చూపును నేర్పుతుంది. ఆ తేడా నాకు తెలియదు, చెప్పాల్సినవాళ్ళు ముందు చెప్పలేదు. గాజులు విడిపించడానికి రెండేండ్లు పట్టింది.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ ఒకే మాట చెప్తాను: రెండో మెట్టు ఎక్కడుందో కాగితం మీద చూడకుండా మొదటి మెట్టు ఎక్కొద్దు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏ డిప్లొమాను ఒప్పుకుంటుంది, ఏ సెమిస్టర్‌లో కూర్చోబెడుతుంది, ఆ ఏడాది ఎన్ని సీట్లు ఖాళీగా ఉంటే అన్నింటికేనా, వయసు పరిమితి ఎంత? ఇవన్నీ ఆ సంస్థ అచ్చువేసిన ప్రవేశ ప్రకటనలో ఉండాలి, లేకపోతే సంతకంతో ఉత్తరంగా తెచ్చుకోవాలి. ఫోనులో చెప్పిందీ, కన్సల్టెన్సీ వాళ్ళు వాట్సాప్‌లో పంపిందీ లెక్కలోకి రావు. ఈ మధ్య అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే మాట బాగా వినపడుతోంది. 2021లో వచ్చిన ఏర్పాటు అది. ఒకచోట చదివిన క్రెడిట్లు ఖాతాలో పడతాయి, ఇంకోచోట వాడుకోవచ్చు అంటారు. మంచి ఏర్పాటే. అయితే డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్నది దాని నియమం. ఖాతాలో ఉన్న క్రెడిట్లలో ఏవి తన స్టూడియోకు సరిపోతాయో చేర్చుకునే సంస్థే చూసుకుంటుంది. ఖాతాలో ఉన్నంత మాత్రాన మూడో ఏడాదిలో కుర్చీ వేసి ఉంచరు.

ఇంత చెప్పాక డిప్లొమా దారి చెడ్డదని అనుకోవద్దు. కొందరు పిల్లలకు అదే సరైన దారి. జమ్మలమడుగు వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక చేనేత కుటుంబపు కుర్రవాడి గురించి చెప్పాలి.

వాళ్ళ ఇంట్లో రెండు మగ్గాలు. వాళ్ళ జేజినాయన జకార్డు అట్టను ఎండకు ఎత్తిపట్టి, పడిన రంధ్రాలను చూసి, అంచులో వచ్చేది మామిడిపిందా హంసా చెప్పేవాడట. జకార్డు పని చూడనివాళ్ళకు చెప్తున్నాను. ముందు పువ్వును గళ్ళ కాగితం మీద గీస్తారు. నిలువు గళ్ళు పడుగు, అడ్డం గళ్ళు పేక. అడ్డం వరుస ఒక్కోదానికి ఒక్కో అట్ట. రంధ్రమున్న చోట పడుగు పైకి లేస్తుంది, లేనిచోట కిందనే ఉంటుంది. అరవై వరుసల ఎత్తున్న పువ్వుకు అరవై అట్టలు గుచ్చి, దారంతో వరుసగా కుట్టి, మగ్గం పైన వేలాడదీస్తారు. ఒక్క రంధ్రం తప్పు పడితే పువ్వు తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే చోట అదే తప్పు వస్తుంది, చీర పొడవునా.

ఆ కుర్రవాడికి పదో తరగతి నాటికే గళ్ళ కాగితం మీద చెయ్యి కుదిరింది. ఇంటర్‌లో రెండేండ్లు కూర్చోబెట్టి ఎంట్రన్స్ కోచింగుకు పంపే స్తోమత ఇంట్లో లేదు. మూడేండ్ల తర్వాత సీటు వచ్చినా రాకపోయినా చేతికి సంపాదన కావాలి. అలాంటివాడికి నేను వెంకటగిరి చూపించాను. ప్రగడ కోటయ్య పేరున ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో పదో తరగతి తర్వాత మూడేండ్ల డిప్లొమా ఉంది. నూలు, రంగు, నేత, అల్లిక నిర్మాణం, కంప్యూటర్ మీద డిజైను అన్నీ అక్కడ ఒకే కప్పు కింద నేర్పుతారు. ఈ డిప్లొమా టెక్స్‌టైల్ డిజైన్‌కు దగ్గరి చుట్టం. సివిల్ డిప్లొమా దూరపు చుట్టం కూడా కాదు. మెట్లదారిలో చూడవలసిన అసలు సంగతి ఇదే: డిప్లొమా సబ్జెక్టుకూ చేరబోయే డిజైన్ కోర్సుకూ ఎంత చుట్టరికం ఉందో చూడాలి. పాలిటెక్నిక్‌లలోనూ కొన్నిచోట్ల గార్మెంట్ టెక్నాలజీ, ఆర్కిటెక్చర్ అసిస్టెంట్‌షిప్ ఉన్నాయి. అవి దగ్గరి చుట్టాలే, ప్రతి ఊళ్ళోనూ దొరకవు.

అతను డిప్లొమా చివరి ఏడాదిలో, ఫ్యాషన్ డిజైన్ చదువుల జాతీయ సంస్థ నిఫ్ట్‌లో లేటరల్ ఎంట్రీకి దరఖాస్తు పెట్టాడు. దగ్గరి డిప్లొమాలున్నవాళ్ళను మూడో సెమిస్టర్‌లోకి తీసుకునే పద్ధతి అది. ఖాళీలున్న చోటనే, ఖాళీలున్నన్నే సీట్లు. అతనికి రాలేదు. అయినా చేతిలో డిప్లొమా ఉంది కనుక ప్రొద్దుటూరులోనే జకార్డు డిజైన్లు చేసే చోట పనికి చేరాడు. ఏడాదిలో కొంత కూడబెట్టుకుని, పోర్ట్‌ఫోలియో మళ్ళీ తయారుచేసుకుని, తర్వాతి ఏడాది పరీక్ష రాసి మొదటి ఏడాదిలోనే చేరాడు. అతని లెక్క ఆరూ కాదు, ఏడూ దాటింది. కానీ తరగతిలో అందరికంటే ముందు మగ్గం ముందు కూర్చున్నది అతనే. ఆ ఆలస్యానికి నేను ఎప్పుడూ బాధపడలేదు. అతనూ పడలేదు.

డిప్లొమావాళ్ళకు తెలియాల్సిన మాట ఒకటి ఇక్కడ చెప్పేస్తాను. పదో తరగతి తర్వాత చేసిన మూడేండ్ల గుర్తింపు పొందిన డిప్లొమాతో నిఫ్ట్ బీడిజైన్‌కు, ఐఐటీల యూసీడ్ పరీక్షకు మామూలుగా మొదటి ఏడాదికే దరఖాస్తు పెట్టుకోవచ్చు. లెక్కలు చదివిన డిప్లొమాతో ఆర్కిటెక్చర్ ప్రవేశపరీక్ష నాటా రాసి బీఆర్క్‌కు కూడా వెళ్ళొచ్చు, అదీ మొదటి ఏడాదిలోకే. అంటే డిప్లొమా తలుపు మూయదు, ఒక ఏడాది ఆలస్యంగా తెరుస్తుంది.

ఇక నేరుగా వెళ్ళే దారి. కలమల్ల అమ్మాయికి నేను చెప్పింది ఇదే. కారణం చెప్తాను.

1958లో భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు వచ్చి దేశమంతా తిరిగి ఒక నివేదిక రాసిచ్చారు. మన దేశంలో తాము చూసి మెచ్చిన వస్తువులన్నింటిలోకీ గొప్పదిగా వాళ్ళు ఎంచుకున్నది చెంబు. మన ఇళ్ళలో నీళ్ళు పోసుకునే మామూలు చెంబు. ఎంత నీరు పడుతుంది, తలమీద పెట్టుకుంటే ఎట్లా నిలుస్తుంది, వంచితే నీరు ఎట్లా పడుతుంది, చెయ్యి ఎక్కడ పట్టుకుంటుంది, తోమడం తేలికా? ఒక చెంబు చుట్టూ ఇన్ని ప్రశ్నలు వేసుకోవడమే డిజైన్ అని వాళ్ళు చూపించారు. ఆ నివేదిక నుంచే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) పుట్టింది. అక్కడ మొదటి ఏడాదంతా ఫౌండేషన్. రంగు, ఆకారం, పదార్థం, చూసి గీయడం. అందరూ ఒకేచోట, ఒకే బల్లల దగ్గర, రాత్రి పొద్దుపోయేదాకా. ఒకరి తప్పు ఇంకొకరికి పాఠమవుతుంది. లేటరల్‌గా వచ్చినవాళ్ళకు దొరకనిది ఈ ఏడాదే. ఎవరు ఎంత చెప్పినా నా అనుభవంలో ఆ లోటు చిన్నది కాదు. ఇంట్లో మగ్గమో కొలిమో ఉన్న పిల్లకు ఆ లోటు కొంతైనా పూడుతుంది. కలమల్ల అమ్మాయి ఇంట్లో అలాంటిది ఏదీ లేదు. ఆమెకున్నది చూపు. చూపుకు ఆ మొదటి ఏడాది కావాలి.

అహ్మదాబాద్ ఒక్కటే కాదు. మన రాష్ట్రంలోనే ఎన్ఐడీ 2015లో మొదలైంది. హైదరాబాద్‌లో నిఫ్ట్ 1995 నుంచి ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ ఉంది, యూసీడ్ ర్యాంకుతో. మన కడపలోనే 2020లో డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చింది. ఇంటిదగ్గర ఉండి, బస్సు పాసుతో చదువుకోవాల్సిన పిల్లలు ముందు దాని వివరాలే తెప్పించుకోవాలి. ఎన్ఐడీ, నిఫ్ట్, యూసీడ్ మూడింటికీ ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా పరవాలేదు. ఎంపీసీయే తీసుకోవాలని లేదు. ఆర్కిటెక్చర్ మీద కూడా ఆశ ఉంటే మాత్రం లెక్కలు వదలొద్దు.

ఈ దారిలో మన పిల్లలు దెబ్బతినేది తేదీల దగ్గర. ఇంజనీరింగ్, మెడిసిన్ ఎంట్రన్సులు ఎక్కువగా ఇంటర్ పరీక్షలయ్యాక ఉంటాయి కనుక డిజైన్ కూడా అంతేననుకుంటారు. ఇవి అట్లా కాదు. రెండో ఏడాది దసరా దాటగానే దరఖాస్తుల మీద ఒక కన్ను వేసి ఉంచాలి. జనవరి అటూ ఇటుగా రాత పరీక్షలు జరిగిపోతాయి. ఏప్రిల్‌లో వచ్చి "సార్, ఎన్ఐడీ ఫారం ఎక్కడ దొరుకుతాది?" అని అడిగే పిల్లలకు నేను చెప్పగలిగింది, వచ్చే ఏడాది అనే మాట ఒక్కటే. ప్రశ్నపత్రం తెలుగులో వస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. తెలుగు మీడియంలో చదివిన పిల్ల అయితే మొదటి నుంచీ ఇంగ్లీషు ప్రశ్న చదివి అర్థం చేసుకునే అలవాటు చేయాలి. ఇంగ్లీషులో గొప్పగా రాయనక్కరలేదు, ప్రశ్న ఏమడుగుతోందో తెలిస్తే చాలు, కొన్ని ప్రశ్నలకు జవాబు చేత్తో గీసేదే.

వయసు కూడా చూసుకోవాలి. ఎన్ఐడీకి జనరల్ పిల్లలు 20 ఏళ్ళు దాటకూడదు, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు కొంత సడలింపు ఉంది. నిఫ్ట్‌కు 24. యూసీడ్ వరుసగా రెండేండ్లు, రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు. డిప్లొమా మూడేండ్లు చేసి, ఒక ఏడాది పని చేసి, ఆపైన ఎన్ఐడీ అనుకుంటే వయసు దాటిపోయే ప్రమాదముంది. ఈ లెక్క కూడా పదో తరగతి సెలవుల్లోనే వేసుకోవాలి.

డబ్బు గురించి దాచకుండా మాట్లాడాలి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు వేలల్లో ముగుస్తుంది. నిఫ్ట్ లాంటి సంస్థల్లో ఒక్క సెమిస్టర్‌కే లక్ష పైమాట, హాస్టలు, కాగితాలు, రంగులు, మోడళ్ళ సామాను వేరే. బ్యాంకు అప్పు, సంస్థలే ఇచ్చే ఫీజు సాయం, రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ కాలేజీకి, ఈ కోర్సుకు వర్తిస్తుందా లేదా అన్నవి మూడూ విడివిడిగా కనుక్కోవాలి. తండ్రి జీతం, తల్లి కూలి, ఉన్న పొలం అన్నీ ఒక కాగితం మీద రాసుకుని, సీటు వచ్చిన నెలలో కాకుండా రెండేండ్ల ముందే మాట్లాడుకున్న ఇళ్ళలో పిల్లలు నిబ్బరంగా ఉండటం నేను చూశాను. అప్పు ఎంతవరకు భరించగలమో ముందే తెలిస్తే, డిప్లొమా దారి ఎంచుకున్నా అది ఓటమిలాగ ఇంట్లోకి రాదు.

ఈ రెండు దారులూ తప్పిపోయినవాళ్ళకు మూడోది ఉంది, దాన్ని మనవాళ్ళు ఎక్కువగా చెప్పరు. బీటెక్కో, ఏదైనా మూడేండ్ల డిగ్రీయో పూర్తిచేసి, సీడ్ అనే పరీక్ష రాసి, ఐఐటీల్లో ఎమ్‌డిజైన్‌లో చేరొచ్చు. దానికి వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. ఈసెట్ మీదుగా బీటెక్ చేసిన పాలిటెక్నిక్ పిల్లకు డిజైన్ గుమ్మం అక్కడ తెరుచుకుంటుంది. పదో తరగతి నుంచి లెక్కేస్తే ఎనిమిదేండ్లు. పొడవైన దారి, నిజమే. ఇంజనీరింగ్ నిజంగా ఇష్టపడి చదివినవాళ్ళకు మాత్రం ఆ ఏండ్లు ఊరికే పోవు. యంత్రం లోపల తెలిసినవాడు దాని బయటి ఆకారాన్ని ఇంకోలా ఆలోచిస్తాడు.

ఏ దారిలో వెళ్ళినా వెంట తీసుకుపోవలసింది ఒకటే, పోర్ట్‌ఫోలియో. క్రెడిట్లు ఒకచోట ఒప్పుకుంటారు, ఇంకోచోట ఒప్పుకోరు. గీసిన కాగితం ఎక్కడికి తీసుకెళ్ళినా అదే కాగితం. జమ్మలమడుగు కుర్రవాడు మొదటిసారి తెచ్చిన ఫైలులో అన్నీ నేసిన చీరల ఫొటోలే. చక్కగా ఉన్నాయి. వాటిలో అతను కనపడలేదు. గళ్ళ కాగితం తెమ్మన్నాను, రబ్బరుతో చెరిపిన మరకలతో సహా. ఒక జకార్డు అట్ట తెమ్మన్నాను. రంధ్రం తప్పు పడి పాడైన గుడ్డముక్క ఉంటే అదీ తెమ్మన్నాను. ఆ గుడ్డముక్క పక్కన, తప్పు ఎక్కడ జరిగిందో, ఎట్లా కనిపెట్టాడో, ఎట్లా సరిచేశాడో నాలుగు మాటల్లో రాయించాను. రెండోసారి ఇంటర్వ్యూలో వాళ్ళు ఎక్కువసేపు ఆగింది ఆ పేజీ దగ్గరేనని వచ్చి చెప్పాడు.

పన్నెండు, పదిహేను పనులు చాలు. సినిమా నటుల బొమ్మలు, ఫోనులో చూసి దించిన కార్టూన్లు వద్దు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీసినవి కావాలి. ఎర్రగుంట్ల స్టేషనులో నిద్రపోతున్న కూలీ, నాపరాళ్ళ గనిలో పొర ఎక్కడ విడుస్తుందో వేలితో తట్టి చూసే మనిషి, ఆ బండలతో పరిచిన మన ఇంటి అరుగు. మన చుట్టూ ఇంత సరుకుంటే పిల్లలు పారిస్ టవరు గీసుకొస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

తండ్రి చాలాసేపు విన్నాడు. చివరికి అసలు అడగాలనుకున్నది అడిగాడు. "అంతా చదివినాక ఏం పని సార్ ఇది? ఈ అక్షరాలు గీసుకుంటా ఉంటే కూడెవరు పెడతారు?" నేను ఆయన ఫోను తీసుకుని తెలుగు వార్త ఒకటి తెరిచి చూపించాను. ఈ అక్షరాలు ఎవరో ఒకరు గీస్తేనే మీ ఫోనులోకి వచ్చాయన్నాను. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో చాలా వాటిని గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడివాళ్ళయినా వాటిని ఉచితంగా వాడుకోవచ్చు. లా చదువుకున్న బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి పెళ్ళిపత్రికల మీదికి ఎక్కింది. ఆసుపత్రిలో మందు చీటీ, బస్సు బోర్డు, బ్యాంకు యాప్ తెలుగులో సరిగ్గా కనపడటం లేదంటే అక్షరం తెలిసిన డిజైనర్లు ఇంకా చాలామంది కావాలని అర్థం. శాసనం ఉన్న ఊరి పిల్ల ఆ పనికి వస్తే అంతకంటే ఏం కావాలి అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కూతురు వైపు చూశాడు.

"ఇప్పుడు ఏం కొనాల సార్?" అని అడిగాడు. రూళ్ళు లేని తెల్లకాగితాల పుస్తకం ఒకటి, టూబీ, ఫోర్‌బీ పెన్సిళ్ళు రెండేసి. ఇప్పటికి అంతే. అమ్మాయికి మాత్రం ఒక పని చెప్పాను. ఇంట్లో అవ్వ వాడే చెంబును పది రోజులు, రోజుకొక్కసారి గీయమన్నాను. అదే చెంబు, అదే చోట.

ఇంటర్‌లో చేరే ముందు ఒక ఆదివారం మళ్ళీ వచ్చారు. పుస్తకం తెరిచాను. మొదటి మూడు రోజులు చెంబు బల్లపరుపుగా, కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంది. నాలుగో రోజుకు నీడ వచ్చింది. ఏడో రోజున అడుగు భాగం గుండ్రం సరిగ్గా కుదిరింది. అంచు దగ్గర మాత్రం ప్రతిరోజూ రబ్బరు మరకే. పదో రోజు పేజీలో చెంబు ఒక్కటే లేదు, దాన్ని పట్టుకున్న అవ్వ చెయ్యి కూడా ఉంది. అంచు ఎందుకు బయటికి తిరిగిందో గీతకు అందడం లేదని, అవ్వను నీళ్ళు ముంచమని అడిగి చూసిందట. బొటనవేలు ఆ వంపు కిందికి వెళ్ళి ఆగిందట.